బెజవాడలో డాక్యుమెంటరీ ప్రదర్శన పెట్టాలంటే: సినిమా ఎంపిక నుంచి స్పందన రాసుకునే దాకా

డాక్యుమెంటరీ చూద్దాం రమ్మంటే బెజవాడలోనైనా గుంటూరులోనైనా యాభై అరవై మందికి కొరత ఉండదు. నలభయ్యో నిమిషానికి వాళ్లు కుర్చీల్లో ఉన్నారా, వరండాలో ఫోన్లు చూసుకుంటున్నారా అన్నదే అసలు లెక్క. లేచిపోయినవాళ్లను అడిగితే ‘బోరు’ అనేస్తారు. కాస్త తరచి అడిగితే మాట సరిగ్గా వినపడలేదనో, కింద అక్షరాలు ముందువాళ్ల తలల వెనక్కి పోయాయనో తేలుతుంది. సినిమా బాగోలేకపోవడం వల్ల పోయిన ప్రదర్శనల కంటే తీగ, తెర, తర్జుమా బాగోలేక పోయినవే ఎక్కువ.

సినిమా ఎంపిక

అవార్డుల జాబితా ముందు పెట్టుకుని ఎంచుకోవడం అందరూ చేసే పని. ఒక సినిమా ఎక్కడ మెప్పు పొందిందో ఆ జాబితా చెబుతుంది. మీ హాల్లో నిలబడుతుందా లేదా అన్నది దాన్నిబట్టి తెలియదు. ఈ మధ్యవాటినే చూడండి.

షౌనక్ సేన్ తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ 2022లో అమెరికాలోని సండాన్స్ చిత్రోత్సవంలో ప్రపంచ డాక్యుమెంటరీల విభాగపు గ్రాండ్ జ్యూరీ బహుమతి, అదే ఏడాది కాన్ చిత్రోత్సవంలో డాక్యుమెంటరీలకిచ్చే గోల్డెన్ ఐ అందుకుంది. తర్వాత ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఢిల్లీలో గాయపడిన గద్దలకు వైద్యం చేసే అన్నదమ్ముల కథ. కానీ నడక నిదానం, సన్నివేశాల్లో సగం చీకటి. వెలుతురు చొరబడే హాల్లో ఉదయం పూట వేస్తే తెర మీద బూడిద రంగు తప్ప ఏమీ మిగలదు. 2024లో సండాన్స్‌లో పనితనానికి ప్రత్యేక జ్యూరీ అవార్డు పొందిన ‘నాక్టర్న్స్’ తూర్పు హిమాలయాల చిమ్మటల మీద తీసింది. అందులో సగం సినిమా చెవితో చూడాలి. ఫంక్షన్ హాలు స్పీకర్లతో దాని జోలికి పోవద్దు.

మొదటి ప్రదర్శనకు నిడివి తక్కువున్నదే మేలు. కార్తికి గోన్సాల్వెస్ తీసిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ సుమారు నలభై నిమిషాలే. 2023లో ఆస్కార్ గెలిచింది. ముదుమలైలో ఏనుగు పిల్లను సాకే దంపతుల కథ కాబట్టి పిల్లలూ పెద్దలూ కలిసి చూడొచ్చు. జనాన్ని రప్పించడమే ముఖ్యమనుకుంటే 2024 ఆగస్టులో వచ్చిన ‘మోడర్న్ మాస్టర్స్: ఎస్.ఎస్. రాజమౌళి’ ఉంది. పొగడ్త పాలు ఎక్కువే, కానీ డాక్యుమెంటరీ అంటే ఏమిటో తెలియని కుర్రాళ్లు కూడా చివరిదాకా కూర్చుంటారు. దాని తర్వాత ‘ఇందులో అడగకుండా వదిలేసిన ప్రశ్న ఏది?’ అని చర్చ మొదలుపెడితే మంచి చర్చే నడుస్తుంది. బాపట్ల, నిజాంపట్నం, మచిలీపట్నం వైపు మత్స్యకార కుటుంబాల పిల్లలు చదివే కాలేజీ అయితే సర్వ్‌నిక్ కౌర్ తీసిన ‘అగైన్‌స్ట్ ది టైడ్’ చూడండి. ముంబయిలో ఇద్దరు కోలీ జాలరి స్నేహితులు, ఒకరు పాత పద్ధతిలో, ఇంకొకరు పెద్ద పడవలతో చేపలు పట్టడం. 2023 సండాన్స్‌లో దానికీ ప్రత్యేక జ్యూరీ అవార్డు వచ్చింది. ఇక్కడి తీరంలోని పిల్లలకు ఆ గొడవ ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎంచేముందు సినిమాకు ఎదురైన అభ్యంతరాలూ చదవండి. ‘రైటింగ్ విత్ ఫైర్’ 2022 ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఆ వేడుకకు కొద్ది రోజుల ముందు, ఆ సినిమా ఎవరి మీద తీశారో ఆ ‘ఖబర్ లహరియా’ పత్రికవాళ్లే తమ పని గురించి అది పాక్షికంగా మాత్రమే చెప్పిందని ప్రకటన ఇచ్చారు. చర్చ నడిపే మనిషికి ఈ సంగతి తెలియకపోతే సభలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు, అప్పుడు నీళ్లు నమలాల్సి వస్తుంది. నిషా పహూజా తీసిన ‘టు కిల్ ఎ టైగర్’ అత్యాచారానికి గురైన బాలిక, ఆమె తండ్రి చేసిన పోరాటం. అది వేసే రోజు హాల్లో ఫోన్లతో తెరను ఫొటోలు తీయనివ్వకూడదు. ఆ మాట మొదటే, గట్టిగా చెప్పాలి.

బహుమతి వచ్చిందంటే సినిమా దొరుకుతుందనీ కాదు. ‘నో అదర్ ల్యాండ్’ 2025లో ఆస్కార్ గెలిచిన రోజుకు దానికి అమెరికాలోనే పంపిణీదారు లేడు. కాబట్టి పోస్టరు వేసే ముందు ఫైలు మీ చేతికి వచ్చి ఉండాలి.

అనుమతులు

ఓటీటీలో ఉంది కదా, చందా కడుతున్నాం కదా అని హాల్లో వేసేయకూడదు. ఆ చందా ఇంట్లో చూసుకోవడానికి. నెట్‌ఫ్లిక్స్ తన సొంత డాక్యుమెంటరీల్లో కొన్నింటికి మాత్రం విద్యా ప్రదర్శన అనుమతి ఇస్తుంది. సంస్థ మీడియా సైట్‌లో ఆ సినిమా పేజీలో ఆ అనుమతి రాసి ఉండాలి. షరతులు కచ్చితం: ఒక్కసారి ప్రదర్శన, టికెట్ లేదు, విరాళం అడగకూడదు, వాణిజ్య స్పాన్సర్ బ్యానర్ ఉండకూడదు, పోస్టర్ మీద వాళ్ల లోగో వేయకూడదు, ఖాతా ఉన్నవాళ్లు తమ ఖాతా నుంచే వేయాలి. ‘టిఫిన్ ఖర్చు స్వీట్ షాపువాళ్లు పెట్టుకుంటారు, ఓ బ్యానర్ కడతాం’ అన్నారంటే ఆ అనుమతి చెల్లదు.

కాలేజీ లోపల వేస్తే కొంత వెసులుబాటు ఉంది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం విద్యాసంస్థ కార్యకలాపాల్లో భాగంగా, సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవాళ్ల వరకే పరిమితమైన ప్రదర్శన ఉల్లంఘన కాదు. ‘అందరూ ఆహ్వానితులే’ అని వాట్సాప్‌లో పెట్టిన క్షణం ఆ వెసులుబాటు పోతుంది. ప్రజలందరికీ చూపించాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం డాక్యుమెంటరీకైనా సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. ఓటీటీలో కనిపించే వయసు గుర్తు ఆ సంస్థ తనంతట తాను వేసుకున్నది, సర్టిఫికెట్ కింద పనికిరాదు. చిత్రోత్సవాలైతే కేంద్ర సమాచార, ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకుంటాయి.

సులువైన దారి దర్శకుడికి నేరుగా ఉత్తరం రాయడం. తేదీ, హాలు, సీట్ల సంఖ్య, టికెట్ ఉందా లేదా, తెలుగు సబ్‌టైటిల్ వేసుకోవచ్చా, సర్టిఫికెట్ నకలు పంపగలరా అని ఆరు వాక్యాల్లో అడగండి. రుసుము అడిగితే బేరం ఆడండి, ఎగ్గొట్టకండి. పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రస్ట్, 2022లో కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్ఎఫ్‌డీసీలో కలిసిన ఫిల్మ్స్ డివిజన్ తమ సినిమాలు చాలావాటిని యూట్యూబ్‌లో ఉంచాయి. అక్కడ వెతికి ఎంచుకుని, వాళ్లకూ ఒక ఉత్తరం రాసి వేయడం కొత్తవాళ్లకు మంచిది.

ఆరుబయట వేస్తే మైకుకు పోలీసు అనుమతి కావాలి. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. మే నెలలో ఏడింటికి గానీ తెర మీద బొమ్మ కనపడదు. తొంభై నిమిషాల సినిమా, అరగంట చర్చ అనుకుంటే తొమ్మిది. మధ్యలో కరెంటు పోతే? అందుకే ఆరుబయట గంట లోపు సినిమాయే వేయాలి. డిసెంబర్‌లో అయితే ఆరుంబావుకే మొదలుపెట్టేయొచ్చు.

ఫైలు

దర్శకుణ్ణి ఎంపీ4, హెచ్.264 (వీడియోను కుదించే పద్ధతి), 1080 ఫైలు, స్టీరియో శబ్దంతో అడగండి. డీసీపీ (థియేటర్ల కోసం చేసే ఫైలు) పంపిస్తే అది మామూలుగా థియేటర్ సర్వర్‌లోనే ఆడుతుంది. హెచ్.265 పాత లాప్‌టాప్ మీద తడబడుతుంది. సెకనుకు 10 మెగాబిట్ల చొప్పున తొంభై నిమిషాల సినిమా దాదాపు 6.75 జీబీ అవుతుంది. ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జీబీ మించిన ఫైలు తీసుకోదు. దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకోవాలి. అయినా పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా ఆడించకండి, లాప్‌టాప్‌లోకి ఎక్కించుకోండి. రెండో లాప్‌టాప్‌లో ఇంకో కాపీ ఉంచండి.

తెలుగు సబ్‌టైటిళ్లు

ఎక్కువ శ్రమ పెట్టాల్సింది ఇక్కడే, అందరూ చివరి రాత్రికి వదిలేసేదీ ఇదే. ఇంగ్లిష్ అక్షరాలు చదవగలిగినవాళ్లు కూడా రెండు గంటలు వాటి వెంట పరిగెత్తలేరు. నలభై నిమిషాల సినిమాకు మాటలెక్కువైతే నాలుగైదు వందల సబ్‌టైటిళ్లు ఉంటాయి. ఇద్దరు కూర్చుంటే వారం రోజుల సాయంత్రాలు పడుతుంది. ఓటీటీ సినిమాకు మీరు సొంతంగా వేయలేరు కాబట్టి, తెలుగు సబ్‌టైటిల్ తప్పనిసరి అనుకుంటే దర్శకుడి దగ్గర ఫైలు దొరికే సినిమానే ఎంచుకోవాలి.

ముందు దర్శకుడి దగ్గర ఇంగ్లిష్ ఎస్ఆర్‌టీ ఫైలు (సబ్‌టైటిళ్లు, వాటి సమయాలు ఉండేది), ఇంగ్లిష్ అక్షరాలు అచ్చుకాని శుభ్రమైన కాపీ తీసుకోండి. అక్షరాలు బొమ్మలోనే అచ్చయి ఉంటే తెలుగు పైన పెట్టాల్సి వస్తుంది, కన్ను పైకీ కిందికీ ఊగుతుంది.

తర్జుమా ఇంగ్లిష్ చూసి మాత్రమే చేయకండి. ఇంగ్లిష్‌లో ‘యూ’ ఒక్కటే. హిందీ, మరాఠీ, తమిళం మాటల్లో నువ్వు, మీరు తేడా ఉంటుంది. కూతురు తండ్రిని ఏమని పిలిచింది, కోడలు అత్తగారితో ఎలా మాట్లాడింది అన్నది అసలు శబ్దం విని తేల్చుకోవాలి. ఇంగ్లిష్‌లో ‘ఆంట్’ అని ఉన్నచోట అత్తో పిన్నో పెద్దమ్మో కూడా వింటేనే తెలుస్తుంది. పుస్తక భాష వద్దు. ‘నేను వెళ్లుచున్నాను’ అని తెర మీద పడితే హాలంతా నవ్వుతుంది, నవ్వకూడని చోట.

పొడవు: వరుసకు ముప్ఫై అక్షరాలు దాటనీయకండి, వరుసలు రెండే. ఇంగ్లిష్‌కు నలభై రెండు దాకా పెడతారు గానీ తెలుగు అక్షరం వెడల్పు. ఒక్కో సబ్‌టైటిల్ తెర మీద కనీసం సెకనున్నర, గరిష్ఠంగా ఆరేడు సెకన్లు. రెండు నిండు వరుసలైతే నాలుగు సెకన్లకు తగ్గకూడదు. సమయం చాలకపోతే మాట తగ్గించండి. చెప్పినదంతా రాయాలన్న పట్టుదల వల్లే జనం బొమ్మ చూడటం మానేస్తారు.

టైపింగ్ యూనికోడ్‌లోనే జరగాలి. డీటీపీ సెంటర్లో ఇస్తే అలవాటుగా అను ఫాంట్లలో కొట్టి ఇస్తారు. అది ప్రింటుకు బాగుంటుంది, సబ్‌టైటిల్ ఫైలులో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరచండి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది. వీఎల్‌సీ కొన్ని లాప్‌టాప్‌ల మీద వత్తులను విడగొట్టి చూపిస్తుంది. అందుకని ఆ రోజు ఎస్ఆర్‌టీని పక్కన పెట్టి ఆడించే సాహసం చేయకుండా, ముందే హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సబ్‌టైటిళ్లను బొమ్మలోకి అచ్చు వేసేయండి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రెండూ ఉచితమే, స్పష్టంగా ఉంటాయి. సన్న గీతల ఫాంట్లు దూరానికి కనపడవు. తెల్ల అక్షరం, చుట్టూ నల్ల అంచు. పసుపు కూడా ఫర్వాలేదు.

ఇంకో చిక్కు తెలుగుకే ప్రత్యేకం. పై వరుస వత్తులు కిందికి వేలాడతాయి, కింది వరుస గుడులు పైకి లేస్తాయి, రెండూ ఢీకొంటాయి. వరుసల మధ్య ఎడం పెంచండి. పూర్తయ్యాక ‘స్త్రీ’, ‘సూక్ష్మం’, ‘ఆర్థ్రైటిస్’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు ఉన్నచోట్ల ఆపి చూడండి. అవి సరిగ్గా పడ్డాయంటే మిగతావి పడ్డట్టే.

హాలు, తెర

బెజవాడలో గవర్నరుపేట, గాంధీనగర్ వైపు లైబ్రరీ హాళ్లు, సభా మందిరాలు ఉన్నాయి. ఠాగూర్ గ్రంథాలయం, హనుమంతరాయ గ్రంథాలయం, ఎంబీ విజ్ఞాన కేంద్రం లాంటివి సభలకు అలవాటైన చోట్లు. గుంటూరులో వెంకటేశ్వర విజ్ఞాన మందిరం. బెజవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం అందంగానే ఉంటుంది గానీ డాక్యుమెంటరీకి పెద్దది. ఎనభై మంది వచ్చి అంత హాల్లో చెదిరి కూర్చుంటే చర్చ మొదలే కాదు. నూరు సీట్ల హాలు నిండటం మంచిది.

నూరు మందికి 12 అడుగుల వెడల్పు తెర చాలు. ఎత్తు 6.75 అడుగులు అవుతుంది. చివరి వరుస ఆ ఎత్తుకు ఆరు రెట్లు, అంటే 40 అడుగులు దాటకూడదు. తెర కింది అంచు నేల నుంచి నాలుగున్నర అడుగులైనా ఉండాలి. నేల సమంగా ఉన్న హాల్లో సబ్‌టైటిళ్లు తలల వెనక్కి పోయేది ఇక్కడే. కుర్చీలు వరుస వదిలి వరుస అరకుర్చీ పక్కకు జరిపి వేయండి.

చీకటి చేసుకోగలిగితే ప్రొజెక్టర్ వెలుగు 3,500 ల్యూమెన్లు చాలు, లేకపోతే 5,000. త్రో రేషియో (ప్రొజెక్టర్ దూరాన్ని తెర వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 అయితే 12 అడుగుల తెరకు ప్రొజెక్టర్ 18 అడుగుల వెనక ఉండాలి, అంటే జనం మధ్యలోనే. మూడు నాలుగు కుర్చీలు వదులుకోవాలి. కిందనుంచి పైకి వాల్చి కీస్టోన్‌తో (బొమ్మ వంకర దిద్దే అమరిక) సరిచేస్తే అక్షరం మసకబారుతుంది. బల్ల ఎత్తు పెంచుకోండి. ముందు రోజు ఖచ్చితంగా అదే వేళకు హాలుకు వెళ్లి ఎండ ఎక్కణ్ణుంచి పడుతుందో చూడాలి. తలుపులకు తెరలు కడతారు, పైన వెంటిలేటర్లను మరిచిపోతారు.

అద్దెకిచ్చేవాళ్లు ‘ప్రొజెక్టర్ ఎందుకండీ, ఎల్ఈడీ వాల్ పెడతాం’ అంటారు. పెళ్లికి బాగుంటుంది. ముందు వరుసలకు చుక్కలు చుక్కలుగా కనపడుతుంది, 12 అడుగులకు 8 అడుగులు ఇచ్చి బొమ్మను సాగదీస్తారు. తప్పకపోతే వెలుగు బాగా తగ్గించమని, బొమ్మను 16:9లో ఉంచి పైనా కిందా నలుపు వదలమని చెప్పండి.

హెచ్‌డీఎంఐ కేబుల్ పది మీటర్లు దాటితే మామూలుది నమ్మకండి. ఓటీటీ నుంచి వేస్తుంటే పాత స్ప్లిటర్, వీజీఏ కన్వర్టర్ మధ్యలో ఉంటే శబ్దం వస్తుంది గానీ బొమ్మ నల్లగా ఉంటుంది. అది నకలు నిరోధక రక్షణ. చెడిపోయిందేమోనని అరగంట వెతుక్కోకుండా ఆ పెట్టె తీసేసి నేరుగా కలపండి.

శబ్దం

ఇక్కడ ఒక తప్పు పదేపదే జరుగుతుంది. సంగీతం వినపడుతుంది, మాట మాత్రం లోతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది, లేదా అసలే ఉండదు. ఆపరేటర్ వాల్యూమ్ పెంచుతాడు, సంగీతం చెవులు పగలగొడుతుంది, మాట రాదు. కారణం కేబుల్. లాప్‌టాప్ నుంచి వచ్చే స్టీరియో పిన్నును మిక్సర్‌లో మైకు కోసం ఉన్న బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో గుచ్చితే మిక్సర్ ఎడమ శబ్దంలోంచి కుడి శబ్దాన్ని తీసేస్తుంది. రెండింటిలో సమానంగా ఉండేది మాట. అది కొట్టుకుపోతుంది. ఒకవైపు చిన్న స్టీరియో పిన్ను, ఇంకోవైపు రెండు మోనో పిన్నులు ఉండే వై కేబుల్ కొని రెండు వేర్వేరు ఛానళ్లలో పెట్టండి. ఈ కేబుల్ మీ సంచిలో ఉండాలి, అద్దెకిచ్చేవాళ్ల మీద ఆధారపడొద్దు.

5.1 (ఆరు స్పీకర్ల కోసం చేసిన శబ్దం) ఫైలు వేసినా మాట సన్నబడుతుంది, అందుకే స్టీరియో అడగమన్నది. గుయ్ మని హోరు వస్తుంటే లాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి. ఆగిపోతే ఎర్తింగ్ సమస్య. లాప్‌టాప్, మిక్సర్ రెండింటికీ ఒకే ప్లగ్ బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి, లేదా ఆ హోరును అడ్డుకునే డీఐ బాక్స్ అడగండి.

స్పీకర్లు తెరకు రెండు వైపులా, చెవి ఎత్తుకు పైన ఉండాలి. స్థాయి సరిచూసేది చివరి వరుసలో, ఫ్యాన్లన్నీ తిరుగుతుండగా. మే నెలలో ఫ్యాన్లు ఆపమనడం మన ఊళ్లో కుదిరే పని కాదు. ఖాళీ హాల్లో సరిపోయిన శబ్దం జనం నిండాక తగ్గుతుంది, కొంచెం పెంచి ఉంచుకోండి.

కరెంటు గురించి రెండు ముక్కలు. జనరేటర్ ఉందంటారు, అది అందుకునే లోపు ప్రొజెక్టర్ ఆరిపోతుంది, ల్యాంపు రకమైతే చల్లారి మళ్లీ వెలగడానికి నిమిషాలు పడుతుంది. 1 కేవీఏ యూపీఎస్ ప్రొజెక్టర్‌కూ లాప్‌టాప్‌కూ మాత్రమే పెట్టండి. దానికి స్పీకర్లు తగిలించవద్దు.

ఆ రోజు

ఆదివారం ఉదయం పది, లేదా సాయంత్రం ఐదున్నర. గుంటూరు, తెనాలి నుంచి వచ్చేవాళ్లు ఉంటే ఎనిమిదిన్నరకల్లా వదిలేయాలి. దసరా పది రోజులు, సంక్రాంతి వారం, పెద్ద హీరో సినిమా విడుదల రోజు పెట్టుకోకండి.

సభా మర్యాదలు సినిమాకు ముందు ఐదు నిమిషాలు మించకూడదు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, నలుగురు అతిథుల ‘రెండు మాటలు’ అయ్యేసరికి యాభై నిమిషాలు పోయి, సినిమా మొదలయ్యేటప్పటికే జనం అలసిపోతారు. సన్మానం తప్పదంటే చివర్లో పెట్టండి. అతిథి కూడా సినిమా చూస్తాడు. మధ్యలో ఇంటర్వెల్ లేదని ముందే చెప్పండి. చెప్పకపోతే నలభై ఐదో నిమిషానికి టీ కోసం లేస్తారు, అది వాళ్ల తప్పు కాదు.

లాప్‌టాప్‌లో నోటిఫికేషన్లు, నిద్రలోకి పోయే అమరిక, అప్‌డేట్లు ఆపేయండి. వైఫై అవసరం లేకపోతే తీసేయండి.

స్పందన

వెనక వరుసలో ఒకరిని గడియారం, నోటుపుస్తకంతో కూర్చోబెట్టండి. ఎన్నో నిమిషానికి ఎంతమంది బయటకు పోయారు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఫోన్లు వెలిగాయి అని రాసుకోవడమే పని. మొదట, ఇరవయ్యో నిమిషానికి, చివర్లో తలలు లెక్కపెట్టాలి. ఒకేసారి పది మంది లేస్తే టీనో, బస్సో. అక్కడక్కడా ఫోన్లు వెలుగుతుంటే సబ్‌టైటిల్ అందడం లేదని అర్థం. వెనక వరుసలే ఖాళీ అవుతుంటే శబ్దం. ఈ మూడూ కానప్పుడే సినిమా మీద నెపం పెట్టాలి.

సినిమా అయ్యాక లైట్లు వెంటనే వేయకండి, పేర్లు పూర్తయ్యేదాకా ఆగండి. చర్చ అరగంట. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘చాలా బాగుంది’ అన్న జవాబే వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. ‘ఏ దృశ్యం కళ్లముందు నిలిచింది?’ అని మొదలుపెట్టండి. మైకు మొదట ఆడవాళ్లకో విద్యార్థులకో ఇవ్వండి. రిటైరైన పెద్దలకు ముందు ఇస్తే తిరిగి రావడం కష్టం. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. సినిమాను వదిలి రాజకీయాల్లోకి పోతే ‘ఇది సినిమాలో ఎక్కడ చూశారండీ?’ అని మర్యాదగా వెనక్కి తీసుకురావాలి.

మాట్లాడని వాళ్ల కోసం పావు కాగితం చీటీలు. పేరు వద్దు, వయసు, ఉండే పేట చాలు. ప్రశ్నలు మూడే: గుర్తుండిన దృశ్యం ఏది, అర్థంకాని చోటు ఏది, ఈ సినిమా ఎవరికి చూపించాలనిపించింది. చుక్కల మార్కులు అడగకండి, అందరూ ఐదుకు నాలుగేస్తారు. చీటీలు, పెన్సిళ్లు చర్చకు ముందే పంచాలి. తలుపు దగ్గర చెప్పుల హడావుడిలో ఎవరూ రాయరు.

వారంలోగా దర్శకుడికి ఒక పేజీ రాసి పంపండి: హాజరు, చివరిదాకా ఉన్నవాళ్ల సంఖ్య, చీటీల్లో ఎక్కువసార్లు వచ్చిన దృశ్యం, అర్థం కాలేదన్న చోటు, చర్చలో వచ్చిన గట్టి అభ్యంతరం ఒకటి. పొగడ్తలు వాళ్ల దగ్గర చాలా ఉంటాయి, తెనాలి నుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థికి ఏది అర్థం కాలేదో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. మీరు చేసిన తెలుగు ఎస్ఆర్‌టీ ఫైలు కూడా దాంతో జత చేయండి, ఇంకో ఊరివాళ్లు అడిగినప్పుడు ఇవ్వడానికి వాళ్లకు ఉంటుంది. సినిమా ఫైలును మాత్రం రెండు లాప్‌టాప్‌ల నుంచీ తుడిచేసి, తుడిచేశామని అదే ఉత్తరంలో రాయండి.